అటెన్‌బరో ఇంటిపేరు ఎక్కడిది, ఆ పేరున్న వారంతా ఒకే కుటుంబమా?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. నాటింగ్‌హామ్‌లో మీతో పనిచేసే ఆయన ఇంటిపేరు అటెన్‌బరో. అదే పేరుతో దగ్గరలో ఒక ఊరు కూడా ఉంది కాబట్టి పేరు ఆ ఊరినుంచే వచ్చిందా అన్నది మొదటిది. ఇంగ్లండ్‌లో ఆ పేరు అంత అరుదుగా ఎందుకుంది, అదీ నాటింగ్‌హామ్ చుట్టుపక్కలే ఎందుకుంది అన్నది రెండోది. ‘గాంధీ’ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరోకీ, ప్రకృతి కార్యక్రమాల డేవిడ్ అటెన్‌బరోకీ ఆయన బంధువే అయి ఉండాలా అన్నది మూడోది. ఇంగ్లిష్ కుటుంబ చరిత్రల పని చాలాకాలంగా చేస్తున్నాను. అందులోనూ అరుదైన ఇంటిపేర్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. అటెన్‌బరో నాటింగ్‌హామ్‌కు నైరుతిలో, ట్రెంట్ నది ఒడ్డున, బీస్టన్‌ను ఆనుకుని ఉన్న పాత ఊరు. పక్కనున్న చిల్‌వెల్, టోటన్ పూర్వం దాని పారిష్‌లోనివే, అంటే అక్కడి సెయింట్ మేరీ చర్చి పరిధిలోనివే. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో పేరుమోసిన హెన్రీ ఐర్టన్, అంటే ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు, 1611లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఊరి పేరులో చివరి భాగానికి పాత ఇంగ్లిష్‌లో కోట, రక్షణ గోడ ఉన్న స్థలం అని అర్థం. మొదటి భాగం ఒక మనిషి పేరు. అడ్డా అనో దానికి దగ్గరగా ఉండే మరో పేరుతోనో పిలిచే ఒకాయన కోట అన్నమాట.

ఊరి పేరు ఇంటిపేరు ఎలా అవుతుందో తెలుగువాళ్లకు వివరించనక్కర్లేదు. కందుకూరి వారు కందుకూరులో ఉన్నంతకాలం వారిని కందుకూరివారు అని పిలవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు, ఊళ్లో అందరూ కందుకూరివారే. ఊరు దాటి వేరేచోట స్థిరపడ్డాకే ఆ పేరుకు పని పడుతుంది. ఇంగ్లండ్‌లోనూ ఇదే జరిగింది. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో అటెన్‌బరో నుంచి బయలుదేరి, పది మైళ్ల దూరంలో మరో ఊళ్లో భూమి కౌలుకు తీసుకున్న జాన్ అనేవాడిని ఆ ఊళ్లోని మిగతా జాన్‌లనుంచి వేరుచేయడానికి ‘అటెన్‌బరో జాన్’ అన్నారు. అందువల్ల ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు ఆ ఊళ్లో కాకుండా దాని చుట్టూ ఒక వలయంలో ఎక్కువగా కనిపించడం మామూలే. ఊరి చర్చి రిజిస్టర్లలో ఆ పేరు దొరకలేదని మీ స్నేహితుడు నిరాశపడితే ఈ సంగతి చెప్పండి.

అయితే ఈ పేరుకు నిఘంటువుల్లో మరో వివరణ కూడా ఉంది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ‘అటెన్’ అంటే ‘ఫలానా దాని దగ్గర’ అని. బావి దగ్గర ఉన్నవాడు ఆట్‌వెల్, అడవి దగ్గర ఉన్నవాడు ఆట్‌వుడ్ అయినట్టే, గుట్ట దగ్గరో తోపు దగ్గరో జమీందారు ఇంటి దగ్గరో ఉన్నవాడు అటెన్‌బరో, అటెన్‌బారో అయి ఉండవచ్చు. అటర్‌బరీ అనే ఇంటిపేరు పుట్టుక కూడా ఇలాంటిదే. ఈ వివరణే సరైనదైతే పేరు ఒకచోట మాత్రమే పుట్టి ఉండాల్సిన పని లేదు, గుట్టలూ తోపులూ ఇంగ్లండ్ అంతటా ఉన్నాయి కదా. కాబట్టి రెండింటిలో ఏది నమ్మాలో తేల్చడానికి మాటను చీల్చి చూస్తే చాలదు. పేరు ఎక్కడెక్కడ ఉందో చూడాలి. పటాలు పనికొచ్చేది ఇక్కడే.

పటాలకు ఆధారం 1881 జనగణన. 1841 నుంచి ప్రతి పదేళ్లకూ జరిగిన గణనల్లో పేర్లు ఉన్నాయి, 1851 నుంచి ప్రతి మనిషీ ఏ పారిష్‌లో పుట్టాడో కూడా రాశారు. వాటిలో 1881 గణనను స్వచ్ఛంద కార్యకర్తలు ముందుగానే పూర్తిగా నకలు రాసిపెట్టడంతో ఇంటిపేర్ల పటాలన్నీ దానిమీదే నిలబడ్డాయి. అటెన్‌బరో పేరును అందులో చూస్తే బరువంతా నాటింగ్‌హామ్‌షర్ వైపే ఉంటుంది. అటెన్‌బరో, అటెన్‌బారో, అటెన్‌బర్రో అంటూ గుమాస్తాలు తమకు వినిపించినట్టు రాసిన రూపాలను కూడా కలుపుకోండి. అవి వేరే కుటుంబాలు కావు. చదువురాని మనిషి తన పేరు నోటితో చెబితే పాదిరి తనకు తోచిన అక్షరాల్లో రాసుకున్నాడు. అన్నదమ్ములు ఇద్దరికి రెండు రకాలుగా రాసిన సందర్భాలు చర్చి రిజిస్టర్లలో మామూలు.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. నా సమాధానంలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. 1881 పటం చూపించేది పేరు పుట్టిన చోటును కాదు, పేరు బతికి బట్టకట్టిన చోటును. ఇంటిపేర్లు పుట్టడానికీ ఆ జనగణనకూ మధ్య ఐదారు వందల ఏళ్లున్నాయి. ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో తెలియకుండా పటం మీద ముదురు రంగు చూసి ‘ఇదే మా మూలస్థానం’ అనేస్తే పొరపాటు పడే అవకాశం చాలా ఎక్కువ.

ఆ మధ్యకాలంలో జరిగిన వాటిలో అతి పెద్దది 1348-49 నాటి ప్లేగు. ఇంగ్లండ్ జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టుకుపోయింది. అప్పటికి చాలా ఇంటిపేర్లు ఇంకా గట్టిపడనే లేదు. ఎన్నో పేర్లు మోసేవాళ్లు లేక అక్కడికక్కడే అంతరించాయి. మిగిలిన పేర్లలో చాలావాటికి ఒకే ఒక్క కుటుంబం ఆధారం. తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లు జనాభా కోలుకోలేదు. ఒక ఇంట్లో వరుసగా ఇద్దరికి ఆడపిల్లలే పుట్టినా, కొడుకులు చిన్నతనంలోనే పోయినా పేరు మాయమయ్యేది.

ఈ లెక్కను మొదట పట్టించుకున్నవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. ప్రముఖుల ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తున్నాయన్న ప్రశ్నను ఆయన 1873లో ఒక విద్యా పత్రికలో గణిత సమస్యగా పెట్టాడు. హెన్రీ వాట్సన్ అనే గణితం తెలిసిన పాదిరి సమాధానం పంపాడు. 1874లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. ఎంత కాలమైనా సరే చివరికి ప్రతి పేరూ అంతరిస్తుందన్న వాట్సన్ ముగింపు తప్పే. జనాభా పెరుగుతున్నప్పుడు కొన్ని పేర్లు తప్పకుండా నిలబడతాయని తర్వాతివాళ్లు సరిదిద్దారు. అయినా పద్ధతి గట్టిది. మొదటి నాలుగైదు తరాల్లో పేరు భవితవ్యం పూర్తిగా అదృష్టమే. ఆ గండం దాటి పాతిక ముప్ఫై మంది మగవాళ్లు పోగైతే ఇక పేరుకు ప్రమాదం తగ్గుతుంది. ఒకేసారి పుట్టిన వంద పేర్లలో కొన్ని వేలమందికి పాకడం, చాలావరకు నామరూపాల్లేకుండా పోవడం, కొన్ని వందల మంది దగ్గర ఆగిపోవడం ఇందుకే. పేరు గొప్పదా చిన్నదా, ఆ కుటుంబం గట్టిదా అన్నదానికి ఇందులో చోటే లేదు.

నిలబడిన పేర్లకు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మహర్దశ పట్టింది. ఇంగ్లండ్, వేల్స్ జనాభా 1801లో సుమారు 89 లక్షలు, 1901లో 3 కోట్ల 25 లక్షలు. 1750 నాటికి ఒక జిల్లాలో పదిపదిహేను కుటుంబాలుగా ఉన్న పేరు విక్టోరియా కాలానికి ఆ జిల్లాను నింపేసింది. నాటింగ్‌హామ్‌షర్‌లో పనికి కొదవ లేకపోవడం కూడా ఇందుకు తోడ్పడింది. మేజోళ్లు అల్లే యంత్రాన్ని విలియం లీ 1589లో తయారుచేసింది ఆ జిల్లాలోని కాల్వర్టన్‌లోనే. తర్వాత లేసు మిల్లులు, బొగ్గు గనులు వచ్చాయి. ఊళ్లోనే కూలి దొరికినప్పుడు కొడుకులు దూరం పోరు. అటెన్‌బరో లాంటి పేర్లు ఐదు వందల ఏళ్ల తర్వాత కూడా పుట్టినచోటికి పదిపదిహేను మైళ్లలోనే కుప్పపడి ఉండడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. దీనికి భిన్నంగా ఈస్ట్ ఆంగ్లియా లాంటి వ్యవసాయ ప్రాంతాల్లో పుట్టిన అరుదైన పేర్లు పంతొమ్మిదో శతాబ్దంలో పని వెతుక్కుంటూ లండన్‌కూ ఉత్తరాది మిల్లు పట్టణాలకూ చెదిరిపోయాయి. వాటి పటం చూస్తే అసలు మధ్యభాగమే ఖాళీగా కనిపిస్తుంది.

మరి అటెన్‌బరోలు బయటికి ఎప్పుడు వెళ్లారు? 1839లో నాటింగ్‌హామ్ నుంచి డెర్బీకి రైలు మార్గం వేశారు, అది ఆ ఊరి మీదుగానే పోతుంది. కానీ రైలు రాకముందే కొందరు లండన్ చేరారు. పంతొమ్మిదో శతాబ్దపు లండన్‌లో అటెన్‌బరో అంటే జనానికి ముందు గుర్తొచ్చేది తాకట్టు దుకాణం. ఆ ఇంటిపేరుతో నగల, తాకట్టు వ్యాపారులు నగరంలో అంత పేరు తెచ్చుకున్నారు. ఫ్లీట్ స్ట్రీట్, ఛాన్సరీ లేన్ కలిసే మూలమీద వారి దుకాణ భవనం ఇప్పటికీ ఉంది. పటంలో లండన్ దగ్గర కనిపించే చిన్న గుత్తికి ఇలాంటి కుటుంబాలు కారణం. లండన్‌లో వందమంది కనిపించారని పేరు అక్కడ కూడా విడిగా పుట్టిందనుకోకూడదు. ఆ వందమంది తాతలు ఎక్కడ పుట్టారో జనగణనలో జన్మస్థలం గడి చూసి తెలుసుకోవాలి. నేను ఏ పేరుకైనా రెండు పటాలు గీస్తాను. మనుషులు ఉంటున్న చోట్లతో ఒకటి, వాళ్లు పుట్టిన చోట్లతో మరొకటి. రెండింటికీ మధ్య తేడాయే వలసల చరిత్ర.

ఒకే కుటుంబం పటాన్ని ఎలా మారుస్తుందో చూడాలంటే మీరడిగిన ప్రముఖుల ఇల్లే చక్కటి ఉదాహరణ. రిచర్డ్, డేవిడ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో స్టేపుల్‌ఫర్డ్‌లో పుట్టారు. అది అటెన్‌బరో ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరం. అంటే ఐదారు వందల ఏళ్లలో ఆ పేరు అంతకుమించి కదలలేదు. తర్వాత ఒక్క తరంలో ఏం జరిగిందో చూడండి. ఫ్రెడరిక్ చదువుకుని కేంబ్రిడ్జ్ చేరారు. తొలి ఇంగ్లిష్ రాజుల చట్టాలను పాత ఇంగ్లిష్ నుంచి అనువదించి 1922లో ప్రచురించిన పండితుడాయన. రిచర్డ్ 1923లో కేంబ్రిడ్జ్‌లోనే పుట్టారు. తండ్రి ఉద్యోగం లండన్ పక్కన ఐల్‌వర్త్‌కు మారింది, డేవిడ్ 1926లో అక్కడ పుట్టారు. 1932లో ఫ్రెడరిక్ లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు, పిల్లలు పెరిగింది అక్కడే. జననాల పటం మీద ఇవన్నీ వేర్వేరు చుక్కలు. చుక్కలను మాత్రమే చూస్తే స్టేపుల్‌ఫర్డ్ కనిపించదు. ఇరవయ్యో శతాబ్దంలో చదువూ, ఉద్యోగమూ ఇంగ్లిష్ ఇంటిపేర్లకు చేసిందిదే.

ఈ రోజుల పటాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు తయారుచేసిన ఇంటిపేర్ల పటాలు ఉచితంగా దొరుకుతాయి, చాలా మంచివి. కానీ ఇటీవలి సంఖ్యలకు ఆధారం ఎక్కువగా ఓటర్ల జాబితాలు. వాటిలో పిల్లలుండరు. పైగా 2002 నుంచి తమ పేరు బహిరంగ జాబితాలో వద్దని ఎవరైనా చెప్పుకోవచ్చు. అందుకని 1881 సంఖ్యనూ నేటి సంఖ్యనూ పక్కపక్కన పెట్టి పేరు ఇంత శాతం పెరిగింది, తగ్గింది అనడం సరికాదు. ఏ జిల్లాలో ఎక్కువ, ఏ జిల్లాలో తక్కువ అన్న పోలిక వరకు నమ్మవచ్చు.

ఇక అందరూ ఒకే కుటుంబమా అన్న ప్రశ్న. దీనికి కాగితాలు పూర్తి సమాధానం ఇవ్వలేవు. చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి, పేరు పుట్టింది అంతకు రెండు మూడు వందల ఏళ్ల ముందు. ఆ ఖాళీని పూరించింది జన్యుశాస్త్రం. తండ్రినుంచి కొడుకుకు ఇంటిపేరుతో పాటు వై క్రోమోజోమ్ కూడా దాదాపు మార్పు లేకుండా అందుతుంది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంగ్లిష్ ఇంటిపేర్లు తీసుకుని, ఆ పేర్లున్న 1,678 మంది మగవాళ్ల వై క్రోమోజోమ్‌లను పోల్చి 2009లో ఫలితాలు ప్రకటించారు. స్మిత్ లాంటి పేర్లవాళ్లలో పోలికే లేదు. స్మిత్ అంటే కమ్మరి, ఊరికొక కమ్మరి ఉండేవాడు కాబట్టి అది సహజం. పేరు అరుదయ్యేకొద్దీ పోలిక పెరిగింది. వారు తీసుకున్న పేర్లలో అటెన్‌బరో ఒకటి. పరీక్షించిన అటెన్‌బరోల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది క్రోమోజోమ్‌లు ఒకే రకంగా ఉన్నాయి. ఫ్రెడరిక్ ప్రిన్సిపల్‌గా నడిపిన కాలేజీయే 1957లో విశ్వవిద్యాలయం అయింది. అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టింది అక్కడే. ఆ పేరు మూలం తేల్చింది కూడా అక్కడే కావడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వెనక్కి వెళ్లి చూడండి. గుట్టల దగ్గరి మనుషులు అక్కడక్కడా విడివిడిగా ఆ పేరు పెట్టుకుని ఉంటే క్రోమోజోమ్‌లు ఇన్ని ఒకేలా ఉండవు. పటం నాటింగ్‌హామ్‌షర్‌నే చూపిస్తోంది, జన్యువులు ఒకే మూలపురుషుణ్ని చూపిస్తున్నాయి, ఊరు మధ్యలో ఉంది. మూడూ కలిపి చూస్తే పేరు ఆ ఊరినుంచే, ఒకే మనిషి ద్వారా వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను. ఒకటి రెండు కుటుంబాలు వేరేగా మొదలై మధ్యలో అంతరించి ఉండే వీలుంది. దానికి సాక్ష్యం మిగలదు.

మిగిలిన పదోమనిషి సంగతేమిటి? ఆయన అటెన్‌బరో కాదా? తప్పకుండా అటెన్‌బరోయే. పెంపకానికి వచ్చిన పిల్లవాడు, పెళ్లికాని కూతురి కొడుకు, ఆస్తికోసం మేనమామ ఇంటిపేరు తీసుకున్న మేనల్లుడు, భర్తకు పుట్టని బిడ్డ, ఇలా ఎన్నో కారణాలతో పేరు ఒకచోట, క్రోమోజోమ్ మరొకచోట విడిపోతాయి. అదే పరిశోధన ప్రకారం ఇలాంటి విడిపోవడం తరానికి ఐదు శాతం కంటే తక్కువే. అయినా ఇరవై తరాల్లో అది కూడుకుంటుంది. రాజవంశాలకూ ఇది తప్పలేదు. లెస్టర్‌లో కారు పార్కింగు కింద 2012లో బయటపడిన మూడో రిచర్డ్ రాజు అస్థికలు తల్లివైపు వారసులతో సరిపోయాయి. తండ్రివైపు వంశవృక్షం ప్రకారం ఆయనతో కలవాల్సిన నేటి మగ వారసుల వై క్రోమోజోమ్ మాత్రం సరిపోలేదని 2014లో ప్రకటించారు.

ఇంకో అరుదైన పేరు గురించి కూడా చెప్పాలి. యార్క్‌షర్‌కు చెందిన ఒక ఇంటిపేరున్న మగవాళ్లను పరీక్షిస్తే 18 మందిలో ఏడుగురికి పశ్చిమ ఆఫ్రికాకు చెందిన అత్యంత అరుదైన వై క్రోమోజోమ్ ఉందని 2007లో ఇదే లెస్టర్ బృందం వెల్లడించింది. వంశవృక్షాలు వెతికితే వాళ్లు 1780ల నాటి యార్క్‌షర్ మనుషుల దాకా వెళ్లారు. తమకు ఆఫ్రికా సంబంధం ఉన్నట్టు ఆ ఏడుగురిలో ఎవరికీ తెలియదు. ఇంగ్లిష్ ఇంటిపేరు ఉంటే ఇంగ్లిష్ మూలమే అనుకోవడానికి వీల్లేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

కాబట్టి మీ స్నేహితుడు డేవిడ్ అటెన్‌బరోకు బంధువా అంటే, చాలా దూరంగా, మధ్యయుగాల్లో ఎక్కడో కలిసే అవకాశం ఎక్కువే. దగ్గరి బంధుత్వం ఉందో లేదో పేరు చెప్పదు, క్రోమోజోమ్ కూడా చెప్పదు. కాగితాలే చెప్పాలి. ఒక్కో మెట్టు చొప్పున వెనక్కి వెళ్లాలి. ముందు ఇంట్లో ఉన్న జనన, వివాహ పత్రాలు. ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది, అక్కడిదాకా ఆ పత్రాలే దారి చూపిస్తాయి. 1921 జనగణన 2022లో విడుదలైంది. 1931ది 1942లో మంటల్లో కాలిపోయింది కాబట్టి దాని బదులు యుద్ధం మొదలైనప్పుడు జనాన్ని నమోదు చేసిన 1939 రిజిస్టరు చూడాలి. జనగణనల్లో 1851 దాకా వెళ్లి, అప్పటి ముసలాయన పుట్టిన పారిష్ పట్టుకుంటే బాప్తిస్మ రిజిస్టర్లలోకి దిగవచ్చు. నాటింగ్‌హామ్‌షర్ వారికి ఒక అదృష్టం ఉంది. పద్దెనిమిదేళ్లు దాటిన మగవాళ్లందరూ ప్రొటెస్టెంట్ మతాన్నీ రాజునూ పార్లమెంటు హక్కులనూ కాపాడతామని 1641-42లో చేసిన ప్రమాణం జాబితాలు చాలా జిల్లాల్లో పోయినా అక్కడివి మిగిలాయి. ఆ తరంలో అటెన్‌బరోలు ఏయే ఊళ్లలో ఉన్నారో ఒకేచోట చూడవచ్చు. తర్వాత వరుసలో 1662-89 మధ్య పొయ్యి పన్ను లెక్కలు వస్తాయి. ఇంట్లో ఎన్ని పొయ్యిలున్నాయో చూసి ఆ కుటుంబం స్థితిగతులు కూడా అంచనా వేయవచ్చు.

1979లో ఏర్పడిన ఏకనామ అధ్యయనాల సంఘం ఒకటి బ్రిటన్‌లో ఉంది. ఒక్కొక్కరు ఒక్కో ఇంటిపేరు తీసుకుని ఆ పేరున్న ప్రతి మనిషి వివరాలూ పోగుచేస్తారు. అక్కడ ముందే ఎవరైనా పని చేసి ఉంటే మీ స్నేహితుడికి చాలా శ్రమ తప్పుతుంది. డీఎన్‌ఏ పరీక్ష మాత్రం చివరకు పెట్టుకోమనండి. పైన చెప్పిన పదోమనిషి తానే కావచ్చునని, ఆ ఫలితం తనతో పాటు అన్నదమ్ములకూ బాబాయిలకూ వర్తిస్తుందని ఆయనకు ముందే తెలిసి ఉండాలి. వాళ్లతో మాట్లాడి, వాళ్లు సరేనన్నాకే నమూనా పంపమనండి.

1851లో ఆయన పూర్వీకుడు పుట్టినట్టు రాసిన పారిష్ పేరు దొరకగానే ఇక్కడ రాయండి. అది బీస్టన్, బ్రామ్‌కోట్, స్టేపుల్‌ఫర్డ్ వైపుదైతే ఏ రిజిస్టరు చూడాలో, అది ఎక్కడ దొరుకుతుందో చెబుతాను.